ఆంటిగొనీని క్లాసులో చదవడం ఎలా: గ్రీకు విషాద నాటకానికి సమగ్ర మార్గదర్శి

హైస్కూల్ లిటరేచర్ క్లాసులో గ్రీకు ట్రాజెడీ మొదలవగానే చాలామంది పిల్లలకి టెన్షన్ పట్టుకుంటుంది. పేర్లకు నోరు తిరగదు. మధ్యమధ్యలో కోరస్ అనే బృందం పాట అందుకుంటుంది, అది కథకు సంబంధం లేనట్టే ఉంటుంది. చావులన్నీ ఎక్కడో జరిగిపోతాయి, ఎవరో వచ్చి చెబుతారు. అమెరికాలో తొమ్మిదో పదో గ్రేడు చదివే తెలుగు పిల్లలైనా, హైదరాబాద్‌లో ఐబీ స్కూలు పిల్లలైనా ఈ దశలో ఎక్కువగా చేసే పని ఒకటే. నెట్‌లో సారాంశం చదివేసి, "హీరోలో ఉన్న లోపం ఏమిటి" అన్న ప్రశ్నకు జవాబు బట్టీ పట్టేయడం.

అలా చదివితే మార్కులు వస్తాయేమో గానీ నాటకం మాత్రం పట్టుబడదు. ట్రాజెడీ చదివేటప్పుడు తప్పెవరిదో తేల్చే పని చివరికి ఉంచాలని నా గట్టి నమ్మకం. ముందు చూడాల్సినవి మూడు: ఈ మాట దేని తర్వాత వచ్చింది, ఎవరెవరు వింటుండగా అన్నారు, అప్పటికే ఆలస్యమైపోయిందా. ఈ మూడూ అడుగుతూ చదివితే రెండున్నర వేల ఏళ్ల కిందటి నాటకం కూడా మన కళ్ల ముందే జరుగుతున్నట్టు ఉంటుంది.

ఉదాహరణగా ఏథెన్స్ కవి సోఫొక్లీస్ రాసిన ఆంటిగొనీని తీసుకుంటున్నాను. మూల గ్రీకులో 1,353 పంక్తులు. పైకి చదువుకుంటే ఒక సాయంత్రంలో పూర్తవుతుంది. మూడు నాలుగు వారాల పాఠానికి సరిగ్గా సరిపోయే నాటకం. ఇదే పద్ధతి ఈడిపస్, మెడియా లాంటి గ్రీకు నాటకాలకీ పనికొస్తుంది.

మొదటి మెట్టు: కథ ముందే తెలుసుకోండి

ముగింపు ముందే తెలిస్తే మజా పోతుందని భయపడకండి. ఏథెన్స్ ప్రేక్షకుల్లో చాలామందికి ఆ పురాణ కుటుంబాల కథలు తెలుసు. మన దగ్గర కృష్ణ రాయబారం పద్యనాటకం చూడ్డానికి కూర్చున్నవాళ్లకి సంధి కుదరదని తెలిసినట్టే అది. ఏం జరుగుతుందన్నది తెలిసిపోయాక, దృష్టంతా ఎలా జరుగుతుందన్న దాని మీదికి మళ్లుతుంది. అందుకే కథను ఒక పేజీలో రాసుకుని నాటకంలోకి దిగండి.

థీబ్స్ రాజు ఈడిపస్ తెలియక తండ్రిని చంపాడు, తెలియక తల్లి జొకాస్టాను పెళ్లాడాడు. వాళ్లకి నలుగురు పిల్లలు: ఎటియోక్లీస్, పాలినైసీస్ అనే కొడుకులు, ఆంటిగొనీ, ఇస్మీనీ అనే కూతుళ్లు. అన్నదమ్ములు సింహాసనం కోసం తగువు పడ్డారు. పాలినైసీస్ పరాయి సైన్యాన్ని వెంటేసుకుని సొంత ఊరి మీదికే వచ్చాడు. ఏడు ద్వారాల దగ్గర యుద్ధం జరిగింది, ఇద్దరూ ఒకరి చేతిలో ఒకరు చచ్చిపోయారు. ఆ మర్నాడు తెల్లవారుతుండగా మన నాటకం మొదలవుతుంది. జొకాస్టా తమ్ముడు క్రేయన్ ఇప్పుడు రాజు. ఊరి తరఫున పోరాడిన ఎటియోక్లీస్‌కి లాంఛనాలతో అంత్యక్రియలు చేసి, పాలినైసీస్ శవాన్ని మాత్రం కుక్కలకీ పక్షులకీ వదిలేయమన్నాడు. పూడ్చిన వాళ్లకి మరణశిక్ష.

ఒక చిన్న చుట్టరికం పట్టిక గీసుకోండి. ఇక్కడ తెలుగు పిల్లలకి ఒక వెసులుబాటు ఉంది. క్రేయన్ ఆంటిగొనీకి మేనమామ. అతని కొడుకు హేమన్‌కే ఆమెను ఇవ్వాలని నిశ్చయమైంది. మేనమామ కొడుకుతో పెళ్లి ఏమిటని అమెరికన్ క్లాసులో కొంత వివరించాల్సి వస్తుంది గానీ మన ఇళ్లలో అది తెలిసిన వరసే. తండ్రీ అన్నలూ పోయాక ఆడపిల్లకు దిక్కుగా నిలబడాల్సిన మేనమామే ఆమెకు శిక్ష వేస్తున్నాడని గుర్తుంచుకుంటే సగం నాటకం అర్థమైనట్టే.

ఇంకో మాట. ఈడిపస్ కుటుంబం గురించి సోఫొక్లీస్ రాసిన మూడు నాటకాలను ఒకే పుస్తకంగా వేస్తుంటారు కాబట్టి అవి ఒక ట్రిలజీ అని పిల్లలు అనుకుంటారు. కాదు. ఆంటిగొనీ క్రీ.పూ. 441 ప్రాంతానిది. కథలో ముందు జరిగే ఈడిపస్ రాజు నాటకం అంతకన్నా చాలా ఏళ్ల తర్వాత వచ్చిందని పండితుల అభిప్రాయం. కొలోనస్‌లో ఈడిపస్ అనే మూడోది సోఫొక్లీస్ చనిపోయాక, 401లో ప్రదర్శించారు. ఒక నాటకంలోని క్రేయన్ స్వభావాన్ని ఇంకో నాటకంలోని క్రేయన్‌కి అంటగట్టి వ్యాసం రాయకండి.

రెండో మెట్టు: రంగస్థలాన్ని బొమ్మ గీయండి

ఇది చాలా క్లాసుల్లో వదిలేసే పని. నా లెక్కలో ఇదే అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిస్తుంది. తెల్ల కాగితం మీద ఏథెన్స్ రంగస్థలం గీయండి. అక్రొపోలిస్ కొండ దక్షిణపు వాలు మీద ప్రేక్షకులు, అప్పట్లో చెక్క బల్లల మీద కూర్చునేవాళ్లు. కింద కోరస్ ఆడి పాడే చదును స్థలం, దాని పేరు ఆర్కెస్ట్రా. దాని వెనక స్కీనీ అనే చెక్క కట్టడం, దానికో తలుపు. ఈ నాటకంలో అది రాజభవనం. అటూ ఇటూ రెండు దారులు. ఒకటి ఊళ్లోకి, రెండోది శవం పడి ఉన్న మైదానం వైపు అనుకోండి. ఇప్పుడు ప్రతి పాత్ర ఎటు నుంచి వచ్చింది, ఎటు వెళ్లిందో పెన్సిల్‌తో బాణం గుర్తు పెట్టుకుంటూ పోండి.

పాత్రలు ఎన్ని ఉన్నా మాట్లాడే నటులు ముగ్గురే, అందరూ మగవాళ్లు, ముఖానికి మాస్కులు. క్రేయన్ ఒకరు, ఆంటిగొనీ ఒకరు. శవం దగ్గర కావలివాడి వేషం వేసిన మూడో నటుడు లోపలికెళ్లి మాస్కు మార్చుకుని ఇస్మీనీగా తిరిగి రావచ్చు. ఆంటిగొనీ వేసిన నటుడే తర్వాత టైరీషియస్‌గా వచ్చి ఉండొచ్చని కొందరు పండితుల ఊహ. చనిపోవడానికి వెళ్లిన పిల్ల గొంతే, గుడ్డి జోస్యుడి మాస్కు వెనక నుంచి మళ్లీ క్రేయన్‌ని నిలదీస్తుందన్న మాట. ఎవరెవరు ఏ వేషాలు కట్టగలరో క్లాసులో లెక్క వేయించండి. పిల్లలు దీన్ని పజిల్‌లా పట్టుకుంటారు, ఆ వంకన ప్రతి ప్రవేశాన్నీ జాగ్రత్తగా చదువుతారు.

ఈ నాటకాలు ఆడింది ఏ సందర్భంలోనో కూడా తెలియాలి. వసంతంలో డయొనైసస్ దేవుడి పేరిట జరిగే పెద్ద ఉత్సవం అది. ముగ్గురు కవుల మధ్య పోటీ. ఒక్కొక్కరివి మూడు ట్రాజెడీలు, వాటి వెంట సాటిర్ నాటకం అనే ఒక హాస్య నాటకం. కోరస్ తర్ఫీదు ఖర్చు ఊళ్లోని ఒక ధనవంతుడు పెట్టుకునేవాడు. నాటకాలకు ముందు, యుద్ధంలో తండ్రులు పోయి నగరం ఖర్చుతో పెరిగిన కుర్రాళ్లను కవచాలతో అందరి ముందు నడిపించేవాళ్లు. ఊరి కోసం చచ్చినవాడికి ఊరు ఏం చేస్తుందో చూపించే వేడుక అది. ఊరి మీదికి దండెత్తి చచ్చినవాడి శవాన్ని ఏం చేయాలన్న నాటకాన్ని అలాంటి చోట ఆడారు. సోఫొక్లీస్ కూడా ఆ ఊరి వ్యవహారాలకు దూరంగా కూర్చున్న కవి కాడు. సేమోస్ దీవి మీద జరిగిన యుద్ధంలో ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్‌తో పాటు సేనానిగా పనిచేశాడు.

మూడో మెట్టు: రెండుసార్లు చదవండి, రెండు రకాలుగా

మొదటిసారి ఆగకుండా, పైకి, పాత్రలు పంచుకుని చదవండి. ఫుట్‌నోట్ల జోలికి పోవద్దు. అర్థం కాని పేరు వస్తే దాటేయండి. రెండోసారి పెన్సిల్ పట్టుకుని నెమ్మదిగా.

రెండో చదువులో నాటకాన్ని భాగాలుగా విడగొట్టుకోవాలి. కోరస్ ప్రవేశానికి ముందున్నది ప్రోలోగ్. కోరస్ నడిచి వస్తూ పాడేది పారోడోస్. ఆ తర్వాత ఒక సంభాషణ దృశ్యం, ఒక కోరస్ పాట, ఇలా మారి మారి వస్తాయి. ఆఖరి పాట తర్వాత మిగిలేది ఎక్సోడోస్. పరీక్షకి ఈ పేర్లు కావాలి గనక నేర్చుకోండి, కానీ అక్కడితో ఆగకండి. ఎక్కడ మాట పాటగా మారుతోందో చూడండి. చావుకి వెళ్తూ ఆంటిగొనీ పాడుతుంది. చివర్లో కొడుకు శవంతో వచ్చిన క్రేయన్ పాడతాడు. అంతవరకూ ఉపన్యాసాలిచ్చిన మనిషికి ఇక వాదించడానికి ఏమీ మిగల్లేదని ఆ మార్పే చెబుతుంది.

వీలైతే రెండు అనువాదాలు పక్కపక్కన పెట్టుకోండి. 19వ శతాబ్దం చివర్లో రిచర్డ్ జెబ్ చేసిన ఇంగ్లిష్ గద్యానువాదం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. భాష పాతది గానీ మూలానికి దగ్గరగా ఉంటుంది. దానితో పాటు క్లాసులో ఇచ్చిన కొత్త అనువాదం. రెండూ తేడాగా ఉన్న చోట ఆగండి. మూలంలో ఏదో చిక్కు ఉందన్నదానికి అది గుర్తు.

నాలుగో మెట్టు: కోరస్ పాటను దాటేయకండి

అందరూ దాటేసేది ఇక్కడే. దృశ్యాల మధ్య కోరస్ పాడే పాటను స్టాసిమాన్ అంటారు. మనిషి గొప్పతనం మీద వచ్చే మొదటి స్టాసిమాన్ చూద్దాం. 332వ పంక్తి దగ్గర మొదలవుతుంది. లోకంలో వింతలెన్నో ఉన్నా మనిషిని మించిన వింత లేదంటుంది కోరస్. తుపాను గాలిలో సముద్రం దాటతాడు, ఏడాది తర్వాత ఏడాది నేలను దున్నుతాడు, పక్షుల్ని వల వేసి పడతాడు, జూలున్న గుర్రం మెడ మీద కాడి వేస్తాడు. భాష నేర్చాడు, ఊళ్లు కట్టుకున్నాడు, రోగాలకు మందు కనిపెట్టాడు. చావు నుంచి తప్పించుకోవడం మాత్రం రాలేదు.

విడిగా చదివితే ఇది మనిషికి కట్టిన హారతి. ఇప్పుడు మొదటి ప్రశ్న వేయండి: ఇది దేని తర్వాత వచ్చింది? ఎవరో శవం మీద మట్టి చల్లి వెళ్లారని కావలివాడు భయపడుతూ చెప్పిపోయాడు. నేరస్తుడెవరో ఇంకా తెలియదు. పాట అయ్యాక ఏమొచ్చింది? అదే కావలివాడు ఆంటిగొనీని పట్టుకొచ్చాడు. ఆమె ఎలా దొరికిందో చెబుతూ ఒక మాటంటాడు: ఖాళీ అయిన గూడు చూసిన పక్షిలా కీచుమని ఏడ్చిందని. కోరస్ ఇందాకే మనిషి పక్షుల్ని వల వేసి పడతాడని పొగిడింది. ఇంకొంచెం ముందుకెళ్తే క్రేయన్, పొగరుబోతు గుర్రాలు కూడా చిన్న కళ్లెంతో లొంగుతాయంటాడు, ఆంటిగొనీని ఉద్దేశించి. పాటలో మనిషి ఘనతగా విన్నవన్నీ పది నిమిషాల్లో ఒక ఆడపిల్లని లొంగదీసే పనిముట్లయ్యాయి.

పాట ఆఖర్న కోరస్ ఒక హెచ్చరిక చేస్తుంది: నేల చట్టాన్నీ దేవతల న్యాయాన్నీ గౌరవించేవాడు ఊళ్లో ఉన్నతుడు, తెగించి చెడు చేసేవాడికి ఊరే లేదు. ఆ క్షణాన వింటున్నవాళ్లకి అది మట్టి చల్లిన మనిషి గురించే అనిపిస్తుంది. నాటకం పూర్తయ్యాక మళ్లీ ఈ పంక్తులకు వచ్చి, ఎవరికి ఊరు లేకుండా పోయిందో అడగండి. ప్రతి కోరస్ పాటకీ ముందూ వెనకా ఒక్కో వాక్యం రాసుకోండి: దీనికి ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది. ఇంతకన్నా మంచి హోంవర్క్ నాకు తెలియదు.

ఐదో మెట్టు: ఒక్క దృశ్యాన్ని మాటమాటగా చదవండి

నాటకమంతా ఇలా చదవడానికి టైం చాలదు. ఒక్క దృశ్యం ఎంచుకోండి. నేనైతే తండ్రీకొడుకుల దృశ్యమే తీసుకుంటాను.

దానికి ముందు, క్రేయన్ మొదటి ప్రసంగం గుర్తు చేసుకోవాలి. తుపానులో ఊగిపోయిన ఊరి ఓడను దేవతలు మళ్లీ నిలబెట్టారంటూ అతను మొదలుపెడతాడు. ఊరు ఓడ, తాను దాన్ని నడిపేవాడు. రాజుగా అతని తొలి మాటలివి.

హేమన్ వస్తాడు. "నాన్నా, నేను నీ వాణ్ణి" అన్న అర్థం వచ్చే మాటతో మొదలుపెడతాడు. ఎదిరించడానికి వచ్చినవాడి మాట కాదది. క్రేయన్ సంతోషించి విధేయత మీద పెద్ద ఉపన్యాసం ఇస్తాడు. ఊరు నియమించినవాడి మాట చిన్న విషయాల్లోనూ, న్యాయమైన వాటిలోనూ, వాటికి విరుద్ధమైన వాటిలో కూడా వినాల్సిందేనంటాడు. విన్న కోరస్, తెలివిగానే మాట్లాడావనిపిస్తోంది అంటుంది. ఎవరు వింటుండగా అన్న ప్రశ్న ఇక్కడ పనికొస్తుంది. కోరస్‌గా నిలబడ్డ ఊరి పెద్దలకు కూడా ఆ మాటలు సబబుగానే తోచాయి. క్రేయన్‌ని సినిమా విలన్‌లా చదివితే ఈ దృశ్యం చప్పబడిపోతుంది.

హేమన్ జవాబు నేర్పుగా ఉంటుంది. నీ ముఖం చూస్తే జనానికి భయం, నీ ముందు అనరు గానీ చీకట్లో ఊరంతా ఆ పిల్ల కోసం ఏడుస్తోంది, నేను విన్నాను అంటాడు. తర్వాత రెండు పోలికలు తెస్తాడు. వరదలో వంగిన చెట్లు కొమ్మలు దక్కించుకుంటాయి, బిర్రుగా నిలబడ్డవి వేళ్లతో సహా పోతాయి. తెరచాప తాడు బిగించి పట్టుకుని ఎంతకీ వదలనివాడు ఓడను తిరగేసి, ఆ పైన బోర్లా పడిన ఓడలోనే ప్రయాణిస్తాడు. ఓడ! తండ్రి తన గురించి వాడుకున్న పోలికనే కొడుకు తీసుకుని, దాన్ని ముంచేది నువ్వే కావచ్చని చెప్పాడు. ఈ రెండు చోట్లనూ పక్కపక్కన పెట్టి ఒక పేరా రాయగలిగితే మీ వ్యాసం సగం అయినట్టే.

ఆ తర్వాత ఒక్కొక్క పంక్తి చొప్పున దెబ్బకు దెబ్బ సంభాషణ. దీన్ని స్టికోమిథియా అంటారు. ఇద్దరు విద్యార్థులు నిలబడి చదివితేనే దీని వేగం తెలుస్తుంది. నేనెలా ఏలాలో ఊరు చెబుతుందా అంటాడు తండ్రి. "ఒక్కడి సొత్తయిన ఊరు ఊరే కాదు" అంటాడు కొడుకు. ఊరు ఏలేవాడిది కాదా? అయితే మనుషుల్లేని ఎడారిని ఒక్కడివే బాగా ఏలుకోగలవు. ప్రజాస్వామ్యం నడుపుకుంటున్న ఏథెన్స్ జనం ముందు ఆ మాటలు పడిన తీరు ఊహించండి.

ఇక నన్ను ఎప్పుడూ కుదిపే చిన్న వివరం. నాటకం మొదట్లో, 36వ పంక్తిలో, ఆంటిగొనీ చెల్లెలికి చెప్పిన ప్రకారం శిక్ష ఊరి జనం రాళ్లతో కొట్టి చంపడం. హేమన్ వెళ్లిపోయాక క్రేయన్ ఏమంటాడో చూడండి. మనుషులు తిరగని చోటికి తీసుకెళ్లి, పాపం అంటకుండా కాస్త తిండి పెట్టి, రాతి గుహలో బతికుండగానే మూసేస్తానంటాడు. శిక్ష మారిపోయింది! ఎందుకు మార్చాడో అతను చెప్పడు. కానీ రాళ్లతో కొట్టాలంటే జనం చేతులు కావాలి. జనం ఆ పిల్ల వైపు ఉన్నారని అతను అప్పుడే విన్నాడు. ఆ రెండింటినీ కలపడం చదివేవాళ్ల పని.

ఆరో మెట్టు: ఆంటిగొనీనీ అంతే గట్టిగా ప్రశ్నించండి

క్రేయన్‌ని ప్రశ్నించడం తేలిక. ఆంటిగొనీని దేవతను చేసేయడం ఇంకా తేలిక. ఆమె ఇస్మీనీతో మాట్లాడే తీరు చూడండి. మొదటి దృశ్యంలో, చట్టం మీరలేమన్న చెల్లెల్ని ఈసడిస్తుంది. తర్వాత ఇస్మీనీ నేరంలో పాలు పంచుకుంటాను, నేనూ చస్తానని వస్తే ఒప్పుకోదు. ద్వేషంలో కలవడానికి కాదు, ప్రేమలో కలవడానికి పుట్టానన్నది ఈమే. ఆ మాట అన్న కాసేపటికే చెల్లెల్ని దూరం పెడుతుంది. ఇది కర్కశత్వమా, చెల్లెల్ని బతికించే ఎత్తా? క్లాసులో అటూ ఇటూ వాదించడానికి ఇంతకన్నా మంచి ప్రశ్న దొరకదు.

ఆమె వాదన రెండు చోట్ల ఉంది. 450వ పంక్తి దగ్గర, నీ ఆజ్ఞ దేవతల రాజు జ్యూస్ వేసింది కాదు, రాయని దైవ చట్టాలు నిన్నా ఇవాళా పుట్టినవి కావు అంటుంది. పోస్టర్ల మీద వేసుకునే ప్రసిద్ధమైన మాటలు ఇవి. రెండోది 904వ పంక్తి తర్వాత, గుహకు వెళ్లే ముందు. భర్త కోసమో బిడ్డ కోసమో అయితే ఈ పని చేసేదాన్ని కాదు, భర్త పోతే ఇంకో భర్త, బిడ్డ పోతే ఇంకో బిడ్డ దొరకొచ్చు, అమ్మానాన్నా పోయాక ఇంకో అన్న పుట్టడు అంటుంది. దైవ చట్టం అందరికీ ఒకటే అన్న పిల్ల ఇదేనా? జర్మన్ కవి గోథె, ఈ పంక్తులు సోఫొక్లీస్‌వి కావని ఎవరైనా రుజువు చేస్తే బాగుండునన్నాడు. కానీ గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ రెటరిక్ అనే తన వక్తృత్వశాస్త్ర గ్రంథంలో వీటిని ఆంటిగొనీ మాటలుగానే ఉదహరించాడు. టీచర్లలో కొందరు ఈ భాగాన్ని వదిలేస్తారు. వదలకండి. చనిపోబోయే పిల్ల, తనకు ఎవరూ తోడు లేరనుకుంటున్నప్పుడు, సూత్రాలు పక్కకు పోయి అన్న ఒక్కడే మిగిలాడు. ఆమె మనిషిగా కనిపించేది ఇక్కడే అని నేననుకుంటాను.

క్రేయన్ పక్షానా ఒక నిజం ఉంది. ఏథెన్స్ చట్టం ప్రకారం దేశద్రోహిని ఆటికా (ఏథెన్స్ చుట్టూ ఉన్న ప్రాంతం) నేలలో పూడ్చకూడదు. కాబట్టి అతని ఆజ్ఞ మొదటి భాగం ప్రేక్షకులకు మరీ వింతగా తోచి ఉండదు. సరిహద్దు అవతల కూడా పూడ్చనివ్వకుండా శవాన్ని ఎండలో కుళ్లబెట్టడం దగ్గరే గీత దాటాడు. తత్త్వవేత్త హెగెల్, కుటుంబ ధర్మం ఒకవైపు, రాజ్యధర్మం ఒకవైపు, రెండూ న్యాయమైనవే ఢీకొన్నాయన్నాడు. పిల్లలు ఈ మాట తప్పక తెలుసుకోవాలి, కానీ దానికి లొంగిపోకూడదు. టైరీషియస్ వచ్చి, బలిపీఠాల మీద నిప్పు అంటుకోవడం లేదు, దేవతలు ఊరి పూజలు అందుకోవడం లేదు అని చెప్పాక తూకం సమానంగా లేదు.

ఏడో మెట్టు: చివరి గంటను గడియారం పట్టుకుని చదవండి

టైరీషియస్ వెళ్లిపోయాక క్రేయన్ బెదిరిపోయి, ఏం చేయమంటారని మొదటిసారి కోరస్‌ని అడుగుతాడు. 1100వ పంక్తి. కోరస్ రెండు పనులు ఒక వరసలో చెబుతుంది: వెళ్లి గుహలోని పిల్లను విడిపించు, పడి ఉన్న శవానికి సమాధి కట్టు. క్రేయన్ హడావిడిగా బయల్దేరతాడు.

ఆ తర్వాత వార్తాహరుడు చెప్పేది అక్షరం అక్షరం చదవండి. వాళ్లు ముందు మైదానానికి వెళ్లారు. కుక్కలు చీల్చిన శవాన్ని కడిగారు, కొమ్మలు కొట్టి దహనం చేశారు, మట్టి దిబ్బ ఎత్తుగా పోశారు. ఆ తర్వాత గుహకు వెళ్లారు. అప్పటికి ఆంటిగొనీ మేలిముసుగు బట్టతో ఉరి వేసుకుంది. హేమన్ ఆమె నడుం పట్టుకుని ఏడుస్తున్నాడు. తండ్రి మీద కత్తి దూశాడు, తప్పింది, తన పక్కలోనే పొడుచుకున్నాడు. కబురు విన్న తల్లి యూరిడిసీ ఒక్క మాటా మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయింది. ఆమె చావు వార్త ఇంకో మనిషి తెచ్చాడు.

ముందు గుహకు వెళ్లి ఉంటే? సోఫొక్లీస్ జవాబు చెప్పడు. చనిపోయినవాడికి చేసిన అపచారమే పెద్దదని క్రేయన్ అనుకున్నాడా, భక్తితోనే అలా చేశాడా, బతికున్న మనిషి అతనికి ఇంకా కనపడలేదా? క్లాసును రెండు జట్లుగా చేసి దీని మీద అరగంట వాదించనివ్వండి. టైరీషియస్ తిట్టింది కూడా గుర్తు చేయండి: పైనుండాల్సిన ప్రాణాన్ని సమాధిలో పెట్టావు, కిందికి పోవాల్సిన శవాన్ని పైన ఉంచావు.

ఎనిమిదో మెట్టు: అరిస్టాటిల్‌ని ఇప్పుడు తెరవండి

చాలా సిలబస్‌లలో ఇది మొదటి రోజు పాఠం. నేను ఆఖర్న పెడతాను. అరిస్టాటిల్ కావ్యశాస్త్రం ఆంటిగొనీ తర్వాత సుమారు వందేళ్లకు వచ్చింది. సోఫొక్లీస్ దాన్ని ముందు పెట్టుకుని నాటకం రాయలేదు. పిల్లలు దాన్ని ముందు పెట్టుకుంటే, హమార్షియా ఎక్కడ, పెరిపెటియా ఎక్కడ అని గళ్లు నింపుకుంటూ పోతారు.

మాటలు మాత్రం పనికొస్తాయి. పెరిపెటియా అంటే అనుకున్నది తలకిందులవడం. అనగ్నోరిసిస్ అంటే తెలియనిది తెలిసిరావడం. హమార్షియాను వ్యక్తిత్వ లోపంగా రాయకండి, అరిస్టాటిల్ చెప్పింది మనిషి చేసే పొరపాటు గురించి. ఈ నాటకం గురించి అతను చెప్పిన ఒక విషయం పిల్లలకు భలే నచ్చుతుంది. తెలిసీ చంపబోయి ఆగిపోవడం నాటకానికి అన్నిటికన్నా బలహీనమైన ఘట్టమని, అందుకు ఉదాహరణగా హేమన్ తండ్రి మీద కత్తి దూయడాన్ని చూపాడు. అరిస్టాటిల్‌తో విభేదించండి. గుహలో ఆ క్షణం బలహీనంగా ఉందా? ఎందుకు లేదో రాసి చూపించండి.

తొమ్మిదో మెట్టు: తర్వాతి కాలం ఈ నాటకాన్ని ఏం చేసిందో చూడండి

ఒక పీరియడ్ చాలు. 1944లో నాజీల ఆక్రమణలో ఉన్న పారిస్‌లో ఫ్రెంచ్ నాటకకర్త జాన్ ఆనూయ్ తన ఆంటిగొనీని ఆడించాడు. దక్షిణాఫ్రికాలోని రాబెన్ దీవి జైల్లో ఖైదీలు ఈ నాటకం ఆడినప్పుడు నెల్సన్ మండేలా క్రేయన్ వేషం కట్టాడు. ఆంటిగొనీ కాదు, క్రేయన్. ఎందుకంత గొప్ప ఖైదీకి రాజు వేషం దక్కితే నాటకం కొత్తగా వినపడుతుందో ఆలోచించమనండి.

మన వైపు చూస్తే, సంస్కృత నాటకం సాధారణంగా విషాదాంతాన్ని ఒప్పుకోదు. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా చెప్పుకునే విషాద సారంగధరను రాసింది బళ్లారి నాటకకర్త ధర్మవరం రామకృష్ణమాచార్యులు. కంపారెటివ్ ప్రాజెక్టు చేయాలనుకునే పిల్లలకి ఇదొక మంచి దారి.

పదో మెట్టు: వ్యాసం

"క్రేయన్ అహంకారమే అతని పతనానికి కారణం" అని మొదలుపెడితే టీచర్ ఆ వాక్యాన్ని అప్పటికే ఎన్నోసార్లు చదివి ఉంటారు. వాదం ఇలా ఉండాలి: "ఊరి పేరు చెప్పి పాలన మొదలుపెట్టిన క్రేయన్, ఊరి మాట కొడుకు నోట విన్నాక శిక్షను ఊరి కంటికి దూరంగా గుహలోకి మార్చాడు. అతను ఊరిని పోగొట్టుకోవడం అక్కడే మొదలైంది." దీన్ని ఎవరైనా కాదనొచ్చు. కాదనగలిగేదే వాదం.

దానికి మూడు చోట్ల నుంచి సాక్ష్యం చాలు: 36వ పంక్తిలో మొదటి శిక్ష, ఓడ గురించిన తొలి ప్రసంగం, 773వ పంక్తి దగ్గర మారిన శిక్ష. ప్రతి పేరాలో ఒక కొటేషన్, అది ఎవరి ముందు అన్నారు, దేని తర్వాత వచ్చింది, ఆ తర్వాత మీ మాట. కథ తిరిగి చెప్పకండి, టీచర్ చదివే ఉంటారు. మీ వాదానికి ఎదురొచ్చే పంక్తి ఒకటి వెతికి, దాన్ని కూడా ఎదుర్కోండి. ఉదాహరణకి, కోరస్ అడగ్గానే క్రేయన్ ఇస్మీనీని వదిలేశాడు. అంటే అతను మాట వినే మనిషేనా?

పంక్తి సంఖ్యలు అనువాదాన్ని బట్టి కొద్దిగా మారుతుంటాయి. మీరు వాడిన అనువాదం ఎవరిదో మొదటి కొటేషన్ దగ్గరే రాయండి, చివరిదాకా అదే సంఖ్యలు వాడండి.

యూనిట్ అయ్యాక సమయం మిగిలితే ఇంకో గ్రీకు కవి యూరిపిడీస్ రాసిన మెడియా చదవండి. క్రీ.పూ. 431లో పోటీకి వచ్చిన నాటకం, దానికి దక్కింది మూడో స్థానమే. అందులో తల్లి మెడియాయే తన పిల్లల్ని చంపబోతోందని కోరస్‌కి ముందే తెలుసు, ఆపగలిగే చోటే నిలబడి ఉంటుంది. పిల్లల చావుకేకలు తలుపు వెనక నుంచి వినపడుతున్నప్పుడు ఆ కోరస్ ఏమంటుందో, ఏం చేస్తుందో పంక్తి పంక్తికీ గుర్తు పెట్టుకుంటూ పోండి.